షెవెల్ మొరాయిస్తే ముందు కొత్త పార్టునే అనుమానించండి

ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ ఉత్తర శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. పాంటియాక్ జీటీఓలు, మస్టాంగ్‌లు, ఛార్జర్లు, షెవెల్‌లు, పెద్ద ఇంజన్ల పాతకాలపు అమెరికన్ బళ్లన్నీ ఆ రోజు రోడ్డెక్కుతాయి. పేరుకు పరుగుల బళ్లే గాని, ఆ రద్దీలో నడిచివెళ్లేవాళ్లే ముందు పోతారు. నెత్తిన ఎండ. మధ్యాహ్నమయ్యేసరికి రోడ్డు పక్కన బానెట్లు లేచి నిలబడతాయి. మూడేళ్ల కిందట ఆ వరసలో నా బండి కూడా ఉంది.

నాది 1969 షెవర్లే షెవెల్ మాలిబు. పుట్టినప్పుడు దానిది 307 ఘనపు అంగుళాల ఇంజను. నాకంటే ముందున్న ఓనర్లలో ఎవరో అది తీసేసి 350 దించారు. వాల్వ్‌లను తెరిచే క్యామ్ పెద్దది వేశారు, హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) బిగించారు, ప్లగ్గులకు స్పార్క్ పంచే పాత పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ పీకి హెచ్‌ఈఐ అనే ఎలక్ట్రానిక్‌ది పెట్టారు. జోరు మోడల్‌కు ఉండే ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) బ్యాడ్జీలు కూడా అంటించారు, అది వేరే సంగతి. ఏ పార్టుకా పార్టు మంచిదే, పక్క పార్టుతోనే పొత్తు కుదరలేదు. ఇలాంటి బళ్లలో జబ్బు సాధారణంగా పాత ఇనుములో ఉండదు, కొత్తది వచ్చి పాతదానితో కలిసిన చోట ఉంటుంది. అందుకే పానా పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఏమేం మారాయో రాయండి. సగం రోగం అక్కడే దొరుకుతుంది.

ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది, హైవే ఎక్కితే చల్లబడుతోంది

అంటే నీళ్లు తిరుగుతున్నాయి, గాలే చాలడం లేదు. మొదట ఫ్యాను చుట్టూ ఉండాల్సిన తొడుగు, ష్రౌడ్, ఉందో లేదో చూడండి. ఇంజను మార్చేటప్పుడు అడ్డొస్తోందని తీసి మూల పడేస్తారు, మళ్లీ ఎవరూ బిగించరు. నా బండిలో జరిగిందీ అదే. ష్రౌడ్ లేకపోతే ఫ్యాను రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది. ఉన్నా సరిపోదు, రెక్కలు సగం లోపల, సగం బయట ఉండేలా కూర్చోవాలి. తర్వాత ఫ్యానును ఇంజనుకు కలిపే ఫ్యాన్ క్లచ్. ఇంజను బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపి, చేత్తో ఫ్యాను తిప్పండి. బిగువు లేకుండా గిరగిరా తిరిగిందంటే క్లచ్ పోయింది.

చాలామంది వదిలేసేది టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలన్నది. మా మెకానిక్ చెప్పేదాకా నాకూ తట్టలేదు. స్పార్క్ ఆలస్యమైతే మంట సిలిండర్‌లో పూర్తికాకుండా ఎగ్జాస్ట్ దాకా సాగుతుంది, ఆ వేడంతా హెడ్ల చుట్టూ ఉన్న నీళ్లకు ఎక్కుతుంది. పెద్ద క్యామ్ ఉన్న 350కి ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను నడుస్తున్నప్పుడు, స్పార్క్ 12 నుంచి 14 డిగ్రీలు ముందుగా పడాలి (అడ్వాన్స్). డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం పీకి చూసినప్పుడు 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 34 నుంచి 36 రావాలి. ఇక ఆ వాక్యూమ్ గొట్టం ఎక్కడికి వెళ్తోందో చూడండి. కార్బరేటర్ మీద థ్రాటిల్ పైనున్న పోర్టుకు తగిలిస్తే ఐడిల్‌లో దానికి వాక్యూమే అందదు. తీసి నేరుగా మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌కు తగిలించండి. ఐడిల్ పెరుగుతుంది, స్క్రూతో తగ్గించుకోండి. నాకు ష్రౌడ్, ఈ గొట్టం కలిసి రద్దీలో 20 డిగ్రీల ఫారన్‌హీట్ దించాయి. అంతకుముందే కొత్త అల్యూమినియం రేడియేటర్‌కు డబ్బు తగలేసి ఉన్నాను.

థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక తెరుచుకునే వాల్వ్) పీకేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు, వినకండి. 180 డిగ్రీల ఫారన్‌హీట్‌ది పెట్టి ఉంచండి.

హైవే మీదే వేడెక్కుతోంది

ఇది తిరగేసిన కథ. గాలికి కొదవ లేదు, నీళ్లే తిరగడం లేదు. ఇంజను వేగం పెంచి రేడియేటర్ కింది హోస్‌ను చూడండి. పంపు లాగే లాగుడుకు అది చప్పిడిగా అతుక్కుపోతుంటే లోపల స్ప్రింగ్ ఉన్న హోస్ వేయాలి.

కొత్తగా కట్టించిన బండైతే ఇంకో అనుమానం. పాత వీ-బెల్టులు తీసి ఒకే వెడల్పాటి సర్పెంటైన్ బెల్టు వేయించారా? ఆ ఏర్పాట్లు చాలావాటిలో బెల్టు వీపు పంపును తిప్పుతుంది, అంటే పంపు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకు రివర్స్ రొటేషన్ పంపు వేరే ఉంటుంది. పాతదే ఉంచేస్తే నీళ్లు సరిగా కదలవు. ఇంజనుకు బిగించిన ఫ్యానుదీ అదే గొడవ.

వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కావడం లేదు

పెట్రోలు బంకులో పది నిమిషాలు ఆగి తాళం తిప్పారు. ఇక్కడ చెవులు పనిచేయాలి. సెల్ఫ్ మోటారు "ఊఁ... ఊఁ..." అని మూలుగుతోందా, జోరుగా తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదా? ఈ రెంటికీ సంబంధం లేదు.

మూలిగితే కరెంటు సమస్య. హెడర్ గొట్టాలు సెల్ఫ్ మోటారును ఆనుకున్నట్టే పోతాయి. వేడికి రాగి తీగల రెసిస్టెన్స్ పెరిగి కరెంటు చాలదు. దానికి తోడు బ్యాటరీని డిక్కీలోకి మార్చి సన్నటి కేబుల్ లాగి ఉంటారు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజను బ్లాకుకు ఆనించి, ఎవరినైనా తాళం తిప్పమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. మెరిసేలా పెయింట్ కొట్టించిన ఇంజన్లలో ఇది మామూలే, ఎర్త్ వైరు పెయింట్ మీద కూర్చుని ఉంటుంది. ఆ చోట గీకి ఇనుము కనిపించేలా చేసి బిగించండి. డిక్కీలో బ్యాటరీకి లావాటి 1/0 గేజ్ కేబుల్ వేయండి. అప్పటికీ మూలిగితే గేర్ రిడక్షన్ మినీ సెల్ఫ్ మోటారు కొనండి. అది చిన్నది కాబట్టి హెడర్‌కు దూరంగా ఉంటుంది.

జోరుగా తిరిగినా అందుకోకపోతే పెట్రోలు సమస్య. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కార్బరేటర్ గిన్నెలో మరిగి ఇంజనులోకి పొంగుతుంది. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని, మళ్లీ మళ్లీ కొట్టకుండా, సెల్ఫ్ వేయండి. అప్పటికి గట్టెక్కుతారు. అసలు మందు కార్బరేటర్ కింద వేడిని అడ్డుకునే అర అంగుళం ఫెనోలిక్ స్పేసర్ వేయడం, పెట్రోలు గొట్టాన్ని హెడర్లకు దూరంగా తిప్పడం. వేసేముందు బానెట్ మూసుకుంటుందో లేదో కొలుచుకోండి. పాత రబ్బరు గొట్టాలను ఇథనాల్ తినేస్తుంది కాబట్టి ఎలాగూ దాన్ని తట్టుకునే 30ఆర్9 రకం హోస్ వేయాలి.

నా చిన్నప్పుడు అంబాసిడర్ డ్రైవర్లు వేసవిలో ఏసీ పంపు (పెట్రోలు పంపు) చుట్టూ తడిగుడ్డ చుట్టేవాళ్లు. ఇక్కడి ముసలివాళ్లు పెట్రోలు పైపుకు బట్టలారేసే చెక్క క్లిప్పులు పెడతారు. క్లిప్పుల కంటే తడిగుడ్డే నయం, కనీసం ఆరేటప్పుడు కాస్త వేడి లాగుతుంది.

3000 ఆర్‌పీఎం దాటితే మిస్సింగ్

ఐడిల్ బాగుంటుంది, ఊళ్లో తిరిగితే బాగుంటుంది, గట్టిగా తొక్కితే దగ్గుతుంది. వెంటనే కార్బరేటర్ జెట్లు మార్చకండి. హెచ్‌ఈఐ పెట్టినవాళ్లు దానికి పాత కాయిల్ వైరే తగిలించి ఉంటారు. అది మామూలు వైరు కాదు. పాయింట్లు కాలిపోకుండా వోల్టేజి తగ్గించే రెసిస్టెన్స్ వైరు. హెచ్‌ఈఐకి మాత్రం పూర్తి 12 వోల్టులు కావాలి.

దీంట్లో మోసం ఒకటుంది. వైరు ఊడదీసి మీటరు పెడితే 12 పైనే చూపిస్తుంది, ఎందుకంటే కరెంటు పారనప్పుడు రెసిస్టెన్స్ ఏమీ తగ్గించదు. తగిలించి, ఇంజను నడుస్తుండగా హెచ్‌ఈఐ మీద బ్యాట్ అని రాసి ఉన్న టెర్మినల్ దగ్గర చూడాలి. బ్యాటరీ దగ్గరున్న వోల్టేజికి దాదాపు సమానంగా లేకపోతే దొంగ దొరికినట్టే. ఫ్యూజ్ బాక్స్‌లో తాళంతో పనిచేసే టెర్మినల్ నుంచి 12 గేజ్ కొత్త వైరు లాగండి. ప్లగ్గు గ్యాప్ కూడా 0.035 నుంచి 0.045 అంగుళాలకు పెంచండి.

డిస్ట్రిబ్యూటర్ ఒకసారి పైకి తీశాక బండి అసలు స్టార్టే కాకపోతే ప్లగ్గు వైర్లు చూసుకోండి. సిలిండర్లు మండే వరస (ఫైరింగ్ ఆర్డర్) షెవర్లే స్మాల్ బ్లాక్‌ది, అంటే 307, 350 లాంటి ఇంజన్లది, 1-8-4-3-6-5-7-2, పైనుంచి చూస్తే గడియారం తిరిగే దిశలో. ఫోర్డ్ 289, 302లవి 1-5-4-2-6-3-7-8, ఎదురు దిశలో. మస్టాంగ్ నుంచి షెవెల్‌కు మారినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మా ఊళ్లో అంబాసిడర్ మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌ను "డెల్కో" అనేవాడు. అది జనరల్ మోటార్స్ వాళ్ల కంపెనీ పేరని తెలిసింది ఈ బానెట్ ఎత్తాకే.

బ్రేక్ పెడల్ రాయిలా ఉంది

దీన్ని వాయిదా వేయకండి. పెడల్ తొక్కడానికి సాయపడే పవర్ బ్రేక్ బూస్టర్ సరిగా పనిచేయాలంటే 16 నుంచి 18 అంగుళాల (పాదరసం కొలత) వాక్యూమ్ ఉండాలి. పెద్ద క్యామ్ ఐడిల్‌లో 10 ఇస్తే గొప్ప. గేజ్ పెట్టి చూడండి. తక్కువుంటే ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా పవర్ స్టీరింగ్ పంపుతో నడిచే హైడ్రోబూస్ట్‌కు మారాలి. వాక్యూమ్ డబ్బా మాత్రమే పెడితే ఒకటి రెండు తొక్కులకే ఖాళీ అవుతుంది. బూస్టర్ తీసేసి మాన్యువల్‌కు వెళ్తే, పెడల్ మీద పుష్‌రాడ్‌ను పై రంధ్రానికి మార్చడం మరవకండి. అది మార్చకుండా రోడ్డెక్కితే రెండు కాళ్లతో తొక్కినా బండి ఆగదు.

టిక్ టిక్ శబ్దం, కార్బరేటర్‌లోంచి తిరుగు పేలుడు

వాల్వ్ కవర్లు తీసి, ఇంజను తిప్పుతూ వాల్వ్‌లను నొక్కే రాకర్లను గమనించండి. ఒకటి మిగతావాటంత లేవకపోతే క్యామ్ అరిగింది. లిఫ్టర్లు నేరుగా రాసుకునే పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కు జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి, ఇప్పటి మామూలు కార్ల ఆయిల్‌లో అది తగ్గించారు. ఫిల్టర్ కోసి చూస్తే ఇనుప పొడి మెరుస్తుంది. క్యామ్, లిఫ్టర్లు రెండూ కొత్తవి వేయాలి. పాత లిఫ్టర్లు బాగానే ఉన్నాయని కక్కుర్తి పడొద్దు. ఆ పొడి ఇంజనంతా తిరిగి ఉంటుంది కాబట్టి విప్పి కడగాలి. కొత్త క్యామ్‌తో మొదటిసారి స్టార్ట్ కాగానే ఐడిల్ చేయనీయకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలకు తగ్గకుండా నడపాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. ఈ టెన్షన్ వద్దనుకుని రోలర్ క్యామ్‌కు మారితే, డిస్ట్రిబ్యూటర్ గేర్ దానికి సరిపోయేదేనా అని క్యామ్ తయారీవాళ్లను అడగండి. స్టీలు క్యామ్ మామూలు ఇనుప గేర్‌ను నమిలేస్తుంది.

700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేశాక గేర్లు మరీ తొందరగా, మెత్తగా పడుతున్నాయి

బండి వెంటనే ఆపండి. కార్బరేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సెట్టింగ్ తప్పు. అది గేర్లు మార్చే కేబుల్ మాత్రమే కాదు, లోపలి ప్రెజర్‌ను నిర్ణయించేది కూడా అదే. అలాగే నడిపితే లోపలి క్లచ్‌లు కాలిపోతాయి. ఆ కార్బరేటర్‌కు సరిపడే బ్రాకెట్ వేసి, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ పూర్తిగా లాగేలా సరిచేయండి.

ఐడిల్‌లో బండంతా ఊగుతోంది

వాక్యూమ్ గేజ్ పెట్టండి. ముల్లు ఒకే తీరుగా సన్నగా వణుకుతుంటే అది పెద్ద క్యామ్ స్వభావం, జబ్బు కాదు. మధ్యమధ్య టక్కున పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. నా బండిది మొదటి రకం. సిగ్నల్ దగ్గర అద్దాలు గలగలమంటుంటే మా ఆవిడ "దీన్ని బాగుచేయించలేవా" అని ఇప్పటికీ అడుగుతుంది.