భోజనం వెంటనే టీ వద్దు, నిమ్మరసం మేలు

ఆకుకూరలు, పప్పులు రోజూ తింటున్నా రక్తహీనత తగ్గడం లేదని బాధపడే స్త్రీలు, అన్నం తిన్న వెంటనే టీ గానీ కాఫీ గానీ తాగే అలవాటు తమకు ఉన్నదేమో ముందుగా గమనించుకోవాలి. శాకాహారంలోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులభంగా ఒంటపట్టదు. టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు దానితో కలిసి, పేగులు పీల్చుకోగల భాగాన్ని మరింత తగ్గిస్తాయి. అందుకే భోజనానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట విరామం ఉంచడం మంచిది.

దీనికి తోడు, తోటకూర పప్పులోనో ఉడికించిన శనగల్లోనో నిమ్మరసం పిండుకుంటే, అందులోని విటమిన్ సి ఇనుమును శరీరం గ్రహించేందుకు తోడ్పడుతుంది. అయితే ఈ విటమిన్ వేడికి తగ్గిపోతుంది కాబట్టి, గిన్నె పొయ్యి మీద నుంచి దించిన తరువాతే రసం పిండాలి. నిమ్మకాయ లేని రోజున భోజనంతో పాటు జామపండు తిన్నా సరిపోతుంది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకన్నా, గర్భిణులలో 11 గ్రాములకన్నా తగ్గితే మాత్రం ఆహారంతోనే సరిపెట్టుకోకుండా వైద్యుల సలహాతో మాత్రలు వాడాలి. ఐరన్ మాత్రను పాలతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకూడదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతిని వైద్యులకు తప్పక చెప్పండి, దయచేసి మొహమాటపడవద్దు.