సంసారం వదలకుండా సాధన: మా ఇంట్లో పాటించే పద్ధతి

నా ఉదయం యోగా బ్యాచ్‌లో ఎక్కువమంది ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్ళే. ఆసనాలు కాస్త పట్టుబడి, ధ్యానంలో రుచి తెలిశాక ఎవరో ఒకరు అడుగుతారు: "మాస్టారూ, ఇంట్లో ఉంటూ ఇది ముందుకు సాగుతుందా?" సాగుతుంది. నా సాధనంతా భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మధ్యనే సాగుతోంది.

అలా అడిగినవాళ్ళకు నేను ముందు లాహిరీ మహాశయుల సంగతి చెబుతాను. ఆయన 1828లో బెంగాల్‌లో పుట్టి, కాశీలో స్థిరపడ్డారు. బ్రిటిష్ ప్రభుత్వ మిలిటరీ ఇంజనీరింగ్ శాఖలో లెక్కలు రాసే ఉద్యోగం. 1861లో బదిలీ మీద రాణీఖేత్ వెళ్ళినప్పుడు అక్కడి కొండల్లో బాబాజీ అనే యోగి దగ్గర క్రియాయోగ దీక్ష, అంటే ప్రాణాయామం, ధ్యానం కలిసిన సాధనలో ఉపదేశం, దొరికింది. దీక్ష దొరికిందని హిమాలయాల్లో ఉండిపోలేదు. గురువు ఆజ్ఞ ప్రకారం సంసారంలోకే తిరిగొచ్చారు. 1886లో పింఛను పుచ్చుకునేదాకా ఆఫీసుకు వెళ్ళారు, భార్య కాశీమణితో కాపురం చేశారు, పిల్లల్ని పెంచారు, వచ్చినవాళ్ళకు కులమతాలు చూడకుండా దీక్ష ఇచ్చారు. మైసూరు యోగశాల నడిపిన కృష్ణమాచార్యులవారూ గృహస్థే. ఆరుగురు పిల్లల తండ్రి. ఒక దశలో కాఫీ తోటలో ఉద్యోగం కూడా చేశారు.

ఇక పద్ధతి. మొదటి పని చాప కొనడం కాదు, ఇంట్లోవాళ్ళతో కూర్చుని టైము ఖాయం చేసుకోవడం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది. సాధనకు మంచి వేళ, నిజమే. కానీ ఆ వేళకు మీ ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. పాలిచ్చే తల్లి ఉంటే రాత్రంతా ఆవిడకు నిద్ర ఉండదు. తెల్లవారుజామున మీరు లేచి లైట్లు వేస్తే ఆ కాస్త కునుకూ పోతుంది. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను సాయంత్రం దీపం పెట్టే వేళకు మార్చుకున్నాను. ఇప్పుడు మా ఆవిడ స్కూలుకు బయలుదేరాలి కాబట్టి తెల్లవారుజాము నా వంతు, సాయంత్రం ఆవిడ వంతు. ఆవిడ కూర్చున్నప్పుడు పొయ్యి దగ్గర నేనుంటాను. మగవాళ్ళకు ఈ మాట గట్టిగా చెబుతాను: మీరు కళ్ళు మూసుకున్నంతసేపూ ఇంటి పని ఎవరో ఒకరు చేస్తున్నారు. వాళ్ళకూ అంత సమయం మీరు ఇవ్వాల్సిందే.

రోజుకు అరగంట చాలు. భోజనమయ్యాక కనీసం మూడు గంటలు గడవాలి. కొన్ని సూర్య నమస్కారాలు, ఒంటికి సరిపడే రెండు మూడు ఆసనాలు, కాసేపు శవాసనం. తర్వాత నాడీశోధన: ఎడమ ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, కుడి ముక్కుతో ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. మళ్ళీ కుడి నుంచి పీల్చి ఎడమతో వదిలితే ఒక ఆవృత్తి. ఆయాసం వస్తే లెక్క తగ్గించుకోండి. కుంభకం, అంటే శ్వాస బిగబట్టడం, గురువు పక్కన లేకుండా వద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అసలే వద్దు. చివర్లో మీ ఇష్టదైవం నామమో, ఊరికే శ్వాసను గమనించడమో. జ్వరం, ప్రయాణం, పిల్లల పరీక్షలు వచ్చినప్పుడు మిగతావి వదిలేసి ఈ చివరి భాగం ఒక్కటే, ఐదు నిమిషాలైనా చేయండి.

సాధన మొదలుపెట్టినవాళ్ళ ఇళ్ళల్లో గొడవలు ఎక్కువగా తిండి దగ్గరే వస్తాయి. ఉల్లి, వెల్లుల్లి మానేస్తే మీ కంచం వరకే మానండి. పిల్లల పెరుగన్నం పక్కన ఆవకాయ తీసేసి సాత్వికాహారం మీద పాఠం చెప్పకండి. మీ వంట మీకు వేరుగా కావాలంటే మీరే చేసుకోండి. భార్య గానీ భర్త గానీ మీ శిష్యులు కారు. అడిగితే చెప్పండి, అడగకపోతే ఊరుకోండి. నా కోపం తగ్గిందో లేదో మా అమ్మకు తెలిసినంతగా నాకు తెలియదు. అందుకే అప్పుడప్పుడూ ఆవిణ్ణే అడుగుతాను. మీరూ ఇంట్లో ఒకరిని అలా అడగండి. జవాబు నచ్చకపోయినా వాదించకండి.

డబ్బు విషయం దాచిపెట్టుకోకండి. ఆశ్రమానికి విరాళం, శిబిరం ఫీజు, తీర్థయాత్ర ఖర్చు, అన్నీ ఇంటి లెక్కలోకి రావాలి. స్కూలు ఫీజులు, అమ్మ మందులు కట్టాకే అవి. ఉద్యోగం మానేసి పూర్తిగా సాధనలో పడతానని ఎవరైనా వస్తే నేను ప్రోత్సహించను. ముందు ఇంటి అప్పులు తీరాలి, భార్యో భర్తో మనస్ఫూర్తిగా సరేననాలి. పది రోజుల మౌన శిబిరానికి వెళ్ళాలన్నా అంతే. వెళ్ళేముందు గ్యాసు బండ బుక్ చేయడం, పెద్దవాళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్లు, కరెంటు బిల్లు చూసి వెళ్ళండి. తిరిగొచ్చాక అన్ని రోజులు ఇల్లు మోసినవాళ్ళకు రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వండి.

మైల రోజుల్లో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. దేవుడి గదిలోకి వెళ్ళం, పూజ చేయం. శ్వాసకు మాత్రం మైల లేదని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దలకు పట్టింపు ఉంటే చాప పరవకండి. అందరూ పడుకున్నాక మంచం మీదే కూర్చుని కాసేపు శ్వాసను గమనించండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో తలుపు వేసుకుని ధ్యానం చేయడం కంటే, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, ఏడుస్తున్నవాళ్ళ పక్కన కూర్చోవడమే ఆ రోజుల్లో ముందు చేయాల్సిన పని.