శ్రమకాలపు నలభై రోజులను ఎలా గడపాలి?

నుదుట బూడిద పెట్టుకునే భస్మ బుధవారం నుండి ఈస్టరు ముందురోజు వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ప్రతి ఆదివారమూ పునరుత్థానాన్ని తలచుకునే దినం కనుక మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను ఇందులో కలపరు. మిగిలినవే యేసు అరణ్యంలో ఉపవాసమున్న 40 రోజులకు గుర్తుగా పాటించే రోజులు. కతోలికులు తపస్సు కాలమనీ, ఇతర సంఘాలవారు శ్రమకాలమనీ లెంట్ దినాలనీ పిలిచే ఈ కాలం 2027లో ఫిబ్రవరి 10న మొదలవుతుంది. ఈస్టరు మార్చి 28న వస్తుంది.

1. ముందురోజు రాత్రి ఒక్క తీర్మానం రాసుకోండి

పది తీర్మానాలు రాసుకున్నవారు మొదటి వారం దాటేసరికి పదింటినీ మరచిపోతారు. అందుచేత ఒక్కటే రాసుకోవడం మేలు, అదికూడా సాయంత్రానికి పాటించామో లేదో చెప్పగలిగేటట్టు ఉండాలి. "కోపం తగ్గించుకుంటాను" అని రాసుకుంటే దానికి కొలత లేదు. ఇంట్లో పదో తరగతి పరీక్షలకు చదువుతున్న బిడ్డ ఉంటే, "భోజనాల దగ్గర మార్కుల మాట ఎత్తను" అని రాసుకోండి. శ్రమకాలమూ పరీక్షలూ చాలా ఏళ్లు మార్చిలోనే కలిసివస్తాయి కనుక ఈ తీర్మానం వినడానికి చిన్నదైనా పాటించడానికి చిన్నదేమీ కాదు.

2. ఉపవాసాన్ని ఒంటికి తగినట్టు నిర్ణయించుకోండి

కతోలిక నియమం ప్రకారం భస్మ బుధవారం, శుభ శుక్రవారం ఉపవాస దినాలు. 18 ఏళ్లు నిండినవారు 60వ ఏట అడుగుపెట్టే వరకు ఆ రెండు రోజులూ ఒక్కపూటే కడుపునిండా తిని, మిగిలిన పూటల్లో కొద్దిగా తీసుకుంటారు. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి వర్తిస్తుంది. ఇతర సంఘాల్లో ఇంత కచ్చితమైన నియమం లేకపోయినా, ఒక పూట మానేవారూ, నలభై రోజులూ మాంసాహారం ముట్టనివారూ ఎందరో ఉన్నారు. మాంసం మానాల్సిన రోజున చేప తినవచ్చు. అయితే కొర్రమీను పులుసు కోసం సంతంతా గాలించేవారు నియమం తప్పకపోవచ్చు గాని, దాన్ని ఉపవాసమనడానికి నాకు మనసొప్పదు.

మన ప్రాంతంలో ఈ రోజులు ఎండలు ముదిరే కాలం. మంచినీళ్లు కూడా మానేయడం ప్రమాదకరం. చక్కెర వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా పూట మానకూడదు. అటువంటివారు రాత్రి ఎనిమిది తరువాత ఫోను పక్కన పెట్టడం వంటిది ఎంచుకోవచ్చు. ఉపవాసం చేసేటప్పుడు తల అంటుకుని, ముఖం కడుక్కోమని మత్తయి 6వ అధ్యాయంలో ఉంది కనుక, ఆ సంగతి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోనవసరం లేదు.

3. వాక్యపఠనానికి లెక్క వేసుకోండి

మొదటి రోజు యెషయా 58వ అధ్యాయం చదవండి. దేవుడు కోరే ఉపవాసం ఎటువంటిదో అందులో సూటిగా ఉంటుంది. భస్మ బుధవారం నుండి శుభ శుక్రవారం వరకు ఏడు శుక్రవారాలు వస్తాయి, పశ్చాత్తాప కీర్తనలు కూడా ఏడే: 6, 32, 38, 51, 102, 130, 143. శుక్రవారానికి ఒకటి చొప్పున సరిపోతాయి. మిగిలిన రోజుల్లో మార్కు సువార్త రోజుకు అర అధ్యాయం చదివితే 15 అధ్యాయాలు 30 రోజుల్లో పూర్తవుతాయి, తప్పిపోయిన భాగాలకు ఇంకా రెండు రోజులు మిగులుతాయి. 16వ అధ్యాయాన్ని ఈస్టరు ఉదయానికి ఉంచుకోండి. చదివాక పుస్తకం మూసి, ఆనాడు ఎవరిని నొప్పించామో ఒక్క వాక్యంలో రాసుకుంటే చాలు.

4. మిగిల్చినది ఎవరికి చేరుతుందో ముందే తేల్చుకోండి

బియ్యం డబ్బా పక్కన ఖాళీ డబ్బా ఒకటి పెట్టి, అన్నం వండే ముందు ఎసట్లో పోయవలసిన బియ్యంలోంచి గుప్పెడు తీసి అందులో వేయండి. నలభై గుప్పిళ్లు సుమారు రెండు కిలోలవుతాయి. పెద్ద దానమేమీ కాదు, కాని ఆ గుప్పెడు తగ్గిన సంగతి ప్రతిరోజూ కుండకు తెలుస్తుంది. మానేసిన టీ, చిరుతిళ్ల డబ్బు కూడా అక్కడే చేరాలి. లేకపోతే అది మిగులుబాటే అవుతుంది గాని ధర్మం కాదు.

దీనికంటే కష్టమైనది మరొకటుంది. కానుక ఇచ్చే ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది. మాటలు లేని బంధువుకు ఈ నలభై రోజుల్లో ఒక్కసారి ఫోను చేయండి; పాత తగవు ఎత్తకుండా ఆరోగ్యం అడిగితే మొదటిసారికి అంతే చాలు.

5. తప్పిన రోజును వదిలి, పరిశుద్ధ వారానికి సిద్ధపడండి

ఒక రోజు తప్పితే మరుసటి రోజు రెట్టింపు చేయకండి, యథాప్రకారం కొనసాగించండి. చివరి వారంలో వీలైనంతవరకు సంఘంతో కలిసి ఉండండి. యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ సాగే పద్నాలుగు స్థలాల సిలువ మార్గానికి విజయవాడ గుణదల కొండ ఎక్కేవారు ఉంటారు. శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుండి 3 వరకు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం చాలా గుడులలో జరుగుతుంది.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఇంటికి తెచ్చుకున్న మట్టలో మొదటి రాత్రి రాసుకున్న చీటీని మడిచి దాచండి. ఎండిన మట్టలను కాల్చిన బూడిదనే మరుసటి ఏడాది నుదుట పెడతారు కనుక, మట్టను గుడికి తిరిగి ఇచ్చే రోజున ఆ చీటీ మీ చేతికి వస్తుంది.