ఒకే మాట, వేర్వేరు మూలాలు: పోల్చి చూసే పద్ధతి

రెండు భాషల్లో ఒకేలా వినిపించే పదం ఎదురైతే, వెంటనే చుట్టరికం కలపకుండా ముందు దాని పాత రూపాలను వెతకాలి. పారసీకంలో ‘బద్’ అన్నా, ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అన్నా చెడు అనే అర్థం. అయితే పారసీక పదం ఆ భాష పాత దశ అయిన మధ్య పారసీకంలో ‘వద్’గా ఉండేది. నిజమైన జ్ఞాతి పదాలైతే, అంటే ఒకే మూలం నుంచి పుట్టినవైతే, వెనక్కి వెళ్లేకొద్దీ పోలిక పెరగాలి, ఇక్కడ తగ్గుతోంది.

తర్వాత ధ్వని మార్పుల క్రమాన్ని చూడాలి. నా దృష్టిలో అసలైన పరీక్ష ఇదే. ఆస్ట్రేలియాలోని మ్బబరం భాషలో కుక్కను ‘డోగ్’ అనేవారని భాషాశాస్త్రవేత్త ఆర్. ఎం. డబ్ల్యూ. డిక్సన్ నమోదు చేశారు. ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్నారనే ఎవరైనా అనుకుంటారు. కానీ సమీప భాష యిడిన్‌లో కుక్క పేరు ‘గుడగ’. అందులో మొదటి హల్లు, అటూ ఇటూ ఉన్న అచ్చులు రాలిపోయి, నడుమ ఉన్న ‘అ’ కాస్తా ‘ఒ’గా మారితే ‘డోగ్’ మిగులుతుంది. ఇటువంటి మార్పులే ఆ భాషలోని ఇతర పదాల్లోనూ కనిపిస్తాయి కనుక, ఇంగ్లీషుతో పోలిక కేవలం యాదృచ్ఛికం.

పసిపిల్లల నోట పుట్టే పదాలను మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. ‘మామ’ జార్జియన్‌లో తండ్రి, స్వాహిలీలో తల్లి, తెలుగులో తల్లి సోదరుడు; పెదవులు కలిపి తెరిస్తే చాలు, ఆ ధ్వని పలుకుతుంది.