స్పష్టంగా మాట్లాడే విద్య – 4వ పాఠం: వాక్యం చివరి మాట

గత పాఠం ముగిస్తూ మీకొక పని అప్పగించాను. మీకు బాగా తెలిసిన ఏదైనా విషయం మీద, చేతిలో కాగితం లేకుండా, రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకొని, ఒక రోజు ఆగి వినమన్నాను. విన్నవారిలో ఎక్కువమందికి మొదట కలిగేది నిరుత్సాహమే. ఇది నా గొంతేనా అనిపిస్తుంది. మనం మాట్లాడేటప్పుడు మన ధ్వని గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా మన చెవి లోపలికి చేరుతుంది. ఎముకల దారిన వచ్చే ధ్వనిలో మంద్రం పాలు ఎక్కువ కాబట్టి మన గొంతు మనకు నిండుగా వినిపిస్తుంది. రికార్డింగులో ఆ దారి మూసుకుపోతుంది, అంతే. మీ చుట్టూ ఉన్నవారు ఇన్నాళ్లూ వింటున్నది ఆ పలుచని గొంతునే కనుక దాని గురించి దిగులు పడనక్కరలేదు.

ఇప్పుడు ఆ రికార్డింగునే మళ్లీ వినండి. ఈసారి విషయాన్ని, గొంతును, తడబాట్లను పక్కన పెట్టి, ప్రతి వాక్యంలోని చివరి పదం మొదటి పదమంత గట్టిగా వినిపించిందా లేదా అన్న ఒక్క సంగతినే పట్టించుకోండి. కాగితం మీద వాక్యానికొక గీత గీసి, చివరి పదం మసకబారిన చోటల్లా ఆ గీతను కొట్టివేయండి. సగానికి సగం గీతలు కొట్టివేయవలసి వచ్చినా ఆశ్చర్యపోకండి. ఈ పాఠమంతా ఆ కొట్టివేసిన గీతల గురించే.

చివరి పదం మీద ఇంత పట్టుదల ఎందుకు

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఇది బడిలో అందరం చదువుకున్న విషయమే అయినా, మాట్లాడేవాడికి దానివల్ల ఎంత బాధ్యత మీద పడుతుందో వ్యాకరణ పాఠంలో ఎవరూ చెప్పరు. పని జరిగిందా, జరుగుతుందా, జరగదా, చెప్పేవాడు చూసి చెబుతున్నాడా, విని చెబుతున్నాడా, లేక అడుగుతున్నాడా అన్న సమాచారమంతా ఆ చివరి పదంలోనే, అందులోనూ చాలాసార్లు దాని చివరి అక్షరంలోనే ఉంటుంది. "వస్తాడు" అంటే హామీ. "వస్తాడట" అంటే ఎవరో అన్న మాట, మన పూచీ లేదు. "వస్తాడా" అంటే ప్రశ్న. వీటి మధ్య తేడా ఒక్క అక్షరం, ఒక్కోసారి ఒక్క దీర్ఘం. ఆ "ట"ను మింగేస్తే మీరు విన్న వదంతి మీ వాగ్దానమైపోతుంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఈ జంటలను పైకి పలకండి: చెప్పాడు, చెప్పడు, పంపాడు, పంపడు, నమ్మాడు, నమ్మడు, కట్టాడు, కట్టడు. మొదటిది జరిగిన పని, రెండవది జరగని పని. రెండింటికీ తేడా నడుమ ఉన్న అచ్చు ఒక్కటే. "చెప్పాడు"లోని దీర్ఘాన్ని మనం మామూలుగా శుద్ధమైన "ఆ"లా పలకం; నోరు కొంచెం అడ్డంగా సాగి, "ఏ" వైపు ఒరిగిన "ఆ"లా పలుకుతాం. రాతలో ఆ ధ్వనికి వేరే అక్షరం లేదు గాని చెవికి మాత్రం బాగా తెలుసు. ఆ దీర్ఘానికి ఇవ్వవలసిన కాలం ఇవ్వకుండా తొందరపడితే, వినేవాడు చెప్పిన పనికీ చెప్పని పనికీ మధ్య ఊహించుకోవలసి వస్తుంది. ఊహించుకోవలసిన శ్రమ వినేవాడికి పదే పదే కలిగించేవాణ్ణి లోకం అస్పష్టంగా మాట్లాడేవాడంటుంది. అతనికి విషయం ఎంత బాగా తెలిసినా ఆ మాట తప్పదు.

ఈ తప్పు నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలాకాలం నాదే. ఒకసారి పాతికమంది ఉన్న గదిలో లేచి, "మన సమావేశాన్ని శనివారానికి మార్చడం లేదు" అని ప్రకటించాను. "శనివారానికి" అన్న పదాన్ని ఎంతో శ్రద్ధగా ఒత్తి పలికాను. "మార్చడం లేదు" అనేసరికి అప్పటికే కూర్చోబోతున్నాను. వెనక వరుసల్లో ఉన్న నలుగురు శనివారం వచ్చి, తాళం వేసిన తలుపు చూసి వెళ్లారు. ఒకరు ఫోన్ చేసి అడిగినప్పుడు, నేను స్పష్టంగానే చెప్పానని వాదించాను కూడా. నేను చెప్పిన మాట నిజమే, వాళ్లు విన్నదీ నిజమే. ఆ రెండింటి మధ్యలో "లేదు" అన్న రెండక్షరాలు కుర్చీలోకి జారిపోయాయి.

ఊపిరి లెక్క

చివరి పదం బలహీనపడడానికి మొదటి కారణం మనసులో లేదు, ఊపిరితిత్తుల్లో ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవారు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఒక్కో ఊపిరిలో ఇంచుమించు 40 శాతం కాలం పీల్చడానికి, 60 శాతం వదలడానికి పోతుంది. మాట్లాడేటప్పుడు ఈ లెక్క తలకిందులైనంతగా మారుతుంది. పీల్చడం చటుక్కున పదో వంతు కాలంలో అయిపోతుంది, మిగిలిన 90 శాతం వదలడమే, ఎందుకంటే బయటికి వెళ్లే గాలి మీదనే మాట నడుస్తుంది. నిండిన ఊపిరితిత్తులు తమంతట తామే ముడుచుకోవాలని చూస్తాయి కాబట్టి వాక్యం మొదట్లో గాలికి కొదవ ఉండదు. పైపెచ్చు పక్కటెముకల కండరాలు దాన్ని నిలవరించి కొద్దికొద్దిగా వదలవలసి వస్తుంది. వాక్యం సాగి, గాలి తరిగి, ఊరికే ఉన్నప్పటి మట్టం కంటే కిందికి దిగిన తరువాత ఆ సహజమైన ఒత్తిడి ఇక ఉండదు. అక్కడి నుంచి పొట్ట కండరాలు పనిగట్టుకొని నెడితేనే స్వరతంత్రులు సరిగా కంపిస్తాయి. అలవాటు లేనివాడు నెట్టడు. మన భాషలో అసలు కబురు ఉండేది సరిగ్గా అక్కడే.

దీనికి చాలామంది చేసే చికిత్స భుజాలు పైకి లేచేలా గుండెల నిండా గాలి పీల్చి మొదలుపెట్టడం. నా మటుకు నేను దీన్ని మాన్పిస్తాను. అంత గాలి నింపినవాడు మొదటి మూడు పదాలను విసిరికొట్టి, ఆ వేగాన్ని ఆపుకోలేక, చివరికి మళ్లీ అదే చోట ఊపిరి చాలక నిలబడతాడు. మామూలు కంటే కొంచెం ఎక్కువ పీల్చి, తరచుగా పీల్చడమే మేలు. ఎక్కడ పీల్చాలన్నదానికి తెలుగు తానే చోట్లు చూపిస్తుంది. మన పొడవాటి వాక్యాలు "వెళ్లి", "చూసి", "అడిగితే", "వచ్చాక", "కాబట్టి" వంటి అసమాపక రూపాల మీద అంచెలంచెలుగా నడుస్తాయి; వాటి తరువాత ఆగితే వాక్యం తెగదు, పైగా వినేవాడు ఇంకా ఉందని ఎదురుచూస్తాడు. క్రియకూ దాని ముందు పదానికీ నడుమ మాత్రం ఎన్నడూ ఊపిరి తీసుకోకండి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. చివరి పదాన్ని గట్టిగా పలకమంటే కొందరు దాని స్వరాన్ని పైకి లేపుతారు, దాంతో చెప్పే ప్రతి మాటా ప్రశ్నలా వినిపిస్తుంది. విషయం చెప్పే వాక్యం చివర స్వరం సహజంగా కిందికి దిగుతుంది, దిగనివ్వండి. శ్రుతి తగ్గవచ్చు, బలం తగ్గకూడదు. మెట్లు దిగేవాడు ఆఖరి మెట్టు మీద కూడా పాదం పూర్తిగా ఆనించినట్లు ఉండాలి.

పాతవారి మాట

పలుకు గురించి మన దేశంలో ఆలోచించినంత సూక్ష్మంగా ప్రాచీన కాలంలో మరెవరైనా ఆలోచించారా అని నాకు అనుమానం. వేదాంగాలు ఆరింటిలో ఒకటైన శిక్ష పూర్తిగా ఉచ్చారణ శాస్త్రం. పాణినీయ శిక్షలో ఆడపులి పోలిక ఒకటి ఉంది: పిల్లలను కోరలతో పట్టుకొని తీసుకువెళ్లే పులి అవి జారిపడకుండా, అలాగని కోర దిగకుండా ఎలా పట్టుకుంటుందో అక్షరాలను అలా పలకాలని చెబుతుంది. మింగడమూ తప్పే, కొరకడమూ తప్పే. కొత్తగా స్పష్టత అభ్యసించేవారు రెండవ తప్పులోకి పోతుంటారు. ఒక్కో అక్షరాన్ని విడదీసి, ఎవరికో చెప్పి రాయిస్తున్నట్లు మాట్లాడతారు.

అదే గ్రంథం మంచి పాఠకుడికి ఆరు గుణాలు చెప్పింది: మాధుర్యం, అక్షరవ్యక్తి, పదచ్ఛేదం, సుస్వరం, ధైర్యం, లయసామర్థ్యం. ధైర్యం ఐదవది. అక్షరం తేటగా పలకడం, పదాలను విడదీసి చెప్పడం దానికి ముందే ఉన్నాయి. ముందు ధైర్యం తెచ్చుకొని తరువాత మాట్లాడదామనుకునేవారికి నేను ఈ వరుసను చూపిస్తుంటాను. చెడ్డ పాఠకుల జాబితాలో త్వరత్వరగా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పెగలనివాడు ఉన్నారు. ఈ నలుగురిలో ఏదో ఒక పూట నేను కాని వాడు లేడు.

గ్రీకు వక్త డెమొస్తనీస్ (క్రీ.పూ. 384–322) నోట్లో గులకరాళ్లు పెట్టుకొని సాధన చేశాడన్న కథ అందరూ చెబుతారు. దాన్ని అనుకరించకండి, రాయి గొంతులోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలో దాని పక్కనే ఉన్న మరో సంగతిని ఎవరూ పట్టించుకోరు: అతడు ఎత్తైన చోట్లు ఎక్కుతూ, పరుగెత్తుతూ, ఒక్క ఊపిరిలో పద్యాలు చెప్పేవాడట. మన ఈ పాఠానికి కావలసింది అదే, చాలా తేలికపరిచిన రూపంలో.

ఈ వారం సాధన

మొదటి సాధన వాక్యాన్ని వెనక నుంచి కట్టడం. చివరి పదంతో మొదలుపెట్టి ముందుకు ఒక్కొక్క పదం చేర్చుకుంటూ పైకి చెప్పాలి:

సరిచూడలేదు.
ఎవరూ సరిచూడలేదు.
ఇంకా ఎవరూ సరిచూడలేదు.
ఆ లెక్కను ఇంకా ఎవరూ సరిచూడలేదు.

ముందు నుంచి చదివితే తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి పోతాం, ఊపిరి కూడా తరుగుతూ పోతుంది. ఇలా కడితే నాలుగుసార్లు పలికిన పదం వాక్యం చివర మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది, నోరు దాని వైపు ఇష్టంగా నడుస్తుంది. "లేదు"లో "లే" దీర్ఘం నాలుగుసార్లూ ఒకే నిడివిలో వచ్చిందా అని గమనించండి. రోజుకు ఐదు వాక్యాలు చాలు, అవి మీరు నిజంగా ఆ రోజు ఎవరితోనో చెప్పబోయే వాక్యాలైతే మరీ మంచిది.

రెండవది గీతలు పెట్టి చదవడం. కింది వాక్యంలో ఒంటి గీత దగ్గర చిన్నగా ఊపిరి తీసుకోండి, జంట గీత దగ్గర పూర్తిగా ఆగండి.

నువ్వు అడిగిన పుస్తకాన్ని నిన్న సాయంత్రం వెతికి, / పై అరలో కనిపిస్తే దింపి, / దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాను కాని, / నీకు ఇస్తానని మాత్రం అనలేదు. //

"అనలేదు" దాకా వినేవాడు పుస్తకం తనదే అనుకుంటూ ఉంటాడు. మొదటి మూడు గీతల దగ్గరా స్వరాన్ని కొంచెం పైనే నిలపండి, నాలుగో అంచెలో నెమ్మదించి, "మాత్రం" మీద ఒత్తి, "అనలేదు"ను తొందర లేకుండా దించండి. ఫోనును పది అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. దగ్గర పెట్టుకుంటే అది మన గొణుగుడును కూడా క్షమిస్తుంది.

మూడవది నలుగురిలో చేయవలసింది. భయం వేసినప్పుడు ఊపిరి పైపైకి, గుండెల దాకానే వస్తుంది. అందువల్ల అప్పుడు ముందుగా పోయేవి వాక్యాల చివర్లే, తరువాతే నీళ్లు నమలడం మొదలవుతుంది. కాబట్టి లేచిన వెంటనే చెప్పే మొదటి వాక్యం నాలుగైదు పదాలు దాటకుండా ముందే కూర్చుకోండి. "నాకు రెండు సందేహాలు ఉన్నాయి" వంటిది చాలు. ఆ వాక్యం చెబుతున్నంతసేపూ ఒకరినే చూడండి, క్రియ పూర్తయ్యాకే చూపు మరొకరి మీదికి మార్చండి. తరువాత ఒక్క ఊపిరి పీల్చేంతసేపు మౌనంగా ఉండండి. ఆ మౌనం మీకు యుగంలా అనిపిస్తుంది, ఎదుటివారు గమనించను కూడా గమనించరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతుంటారు. ఎక్కడైనా సరే, నోటికి అడ్డం తప్ప.

క్రియ అయిపోయాక "అన్నమాట", "అంతే", "అలా" అంటూ తోకలు తగిలించే అలవాటు ఉంటే ఈ వారం దాన్ని గుర్తుపట్టండి చాలు, మానాలని పంతం పట్టకండి. చివరి పదం గట్టిగా పలకడం అలవాటైతే ఆ తోకల్లో సగం వాటంతటవే రాలిపోతాయి. పలికిన మాట చేరలేదన్న అనుమానంతోనే మనం వాటిని తగిలిస్తాం.

వారం తరువాత మొదటి రికార్డింగులోని విషయం మీదనే మళ్లీ రెండు నిమిషాలు మాట్లాడి, గీతలు గీసి, కొట్టివేసినవి ఎన్నో లెక్కపెట్టండి. పాతదాన్ని చెరిపివేయకుండా రెండింటినీ దాచుకోండి. వచ్చే పాఠంలో "అంటే", "మరి", "ఏంటంటే" అన్న ఊతపదాలను లెక్కించడానికి ఆ రెండూ కావాలి.