సెట్టు ఖరాబైందా, ఆటే అంతనా?

మా అక్క కొడుకు దసరా సెలవులకు నల్లగొండ వస్తే అటుక మీది పాత టీవీ గేమ్ దించిన. అందులో ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్ క్యాసెట్టు ఉన్నది. 1985లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ ఆర్కేడ్ (పైసలేసి ఆడే మిషన్ల) కోసం చేసిన ఆట, ఇంటి సెట్టుకు మరుసటి ఏడాది వచ్చింది. ఎత్తుకపోయిన రాకుమారి కోసం ఇనుప కవచం తొడిగిన ఆర్థర్ శ్మశానం మీదుగా కుడివైపు ఉరకాలె. రెండు రోజులు సతాయించింది. ఆ సతాయింపుల సగం సెట్టుది, సగం ఆట తీరే అంత. ఈ తేడా తెల్వక బాగున్న సెట్టును పాత ఇనుప సామానోళ్లకు ఇయ్యొద్దనే ఇది రాస్తున్న.

లైటు వెలుగుతది, తెర మీద ఒకటే రంగు

క్యాసెట్టు కాళ్లకు, అంటే సెట్టుల గుచ్చే దిక్కు వరుసగ ఉన్న రాగి పట్టీలకు, మురికి పట్టింది. చిన్నప్పుడు ఉఫ్‌మని ఊదేటోళ్లం. అప్పుడు పనిచేసింది ఊదుడు కాదు, తీసి మళ్ల పెట్టుడు. నోటి తడితో రాగికి చిలుము పడ్తది. సెట్టు బందు చేసి, పెన్సిల్ రాతలు తుడిచే రబ్బరుతో రెండు దిక్కుల 30 చొప్పున ఉన్న కాళ్లను మెల్లగ రుద్దండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి ఆరనియ్యండి. గరుకు కాగితం మాత్రం ముట్టొద్దు, పైపూత లేస్తది.

నడుమల ఆగి మొదటికి వస్తది

పక్కింట్ల బోరు మోటరు వేసిన క్షణాన్నే ఆగుతుందా చూడండి. కరెంటు ఒక్కసారి తగ్గితే పాత అడాప్టర్ తట్టుకోదు. కొత్తది కొనేటప్పుడు సెట్టు వెనుక రాసిన వోల్టులతో పాటు ప్లస్సు, మైనస్సు గుర్తు కూడ కలవాలె. పిన్ను పట్టింది గదా అని వైఫై డబ్బా అడాప్టర్ గుచ్చితే లోపలి చిప్పు కాలుతది.

"మామా, నేను వత్తిన, వీడు ఎగరలే"

పిల్లగాడు పొద్దంత అన్న మాట ఇదే. దీనికి మూడు కారణాలుంటయి, ఒక్కొక్కటి తీసేసుకుంట పోవాలె.

కొన్నిసార్లు ఎగిరి కొన్నిసార్లు అసలే ఎగరకుంటే ప్యాడ్, అంటే చేతిల పట్టుకొని వత్తే గుండీల డబ్బా, తప్పు. స్క్రూలు విప్పితే గుండీల కింద నల్ల చుక్కల రబ్బరు కనిపిస్తది. దాన్ని పొడి బట్టతో, కింది పలకను ఆల్కహాల్ దూదితో తుడవండి. మా దానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ప్రతిసారీ ఎగురుతడు గాని కొంచెం ఆలస్యంగ ఎగిరితే ఎల్ఈడీ టీవీ తప్పు. బొమ్మను పెద్దగ చేసి, నునుపు చేసి చూపేందుకు దానికి టైం పడ్తది. సెట్టింగ్స్‌ల గేమ్ మోడ్ పెట్టండి. పాత డబ్బా టీవీ దొరికితే అంతకన్న మేలు లేదు. తుపాకీ ఆటలైతే డబ్బా టీవీ మీదనే నడుస్తయి.

మూడోది రోగం కాదు. ఒక్కసారి ఎగిరినంక ఆర్థర్‌ను గాలిల మలపలేం. ఎటు దుంకిండో అటే పడ్తడు. అందుకే దయ్యం దగ్గరికొచ్చినంక కాదు, రాకముందే ఎక్కడ దిగాల్నో చూసుకొని దుంకాలె. నా లెక్కల ఈ ఆట అందం మొత్తం ఈడనే ఉన్నది.

బొమ్మలు మిణుకుమిణుకుమంటున్నయి

ఇది కూడ ఖరాబు కాదు. సెట్టు లోపల బొమ్మలు గీసే చిప్పు తెర మీద ఒక అడ్డగీతకు 8 చిన్న ముక్కలే గీయగలదు. ఒక్కో మనిషి బొమ్మకు పక్కపక్కన రెండు ముక్కలు పోతయి. నలుగురికంటే ఎక్కువ ఒకే వరుసల నిలబడితే వంతులేసుకొని కనిపిస్తరు.

చివరిదాక పోతే వెనక్కి పంపింది

క్యాసెట్టు చెడ్డదనుకొని మావోడు ఏడ్సుడొక్కటే తక్కువ. ఆఖరి రాక్షసుడి దగ్గరికి శిలువ పట్టుకొని పోవాలె, కొన్ని క్యాసెట్లల అది డాలు. చేతిల వేరే ఆయుధముంటే ఐదో దశ మొదటికి పంపుతది. దారిల బాకు దొరికితే దాంతోనే కొట్టుకుంట పోండి, వేగంగ పోతది. కాగడా మాత్రం పొరపాటున కూడ ఎత్తొద్దు, అది దూరం పోక ముందల్నే పడి మండుతది. ఆఖరి దశలకు వచ్చినంక శిలువ కోసం చూడండి.

రాక్షసుడు చచ్చినా ఆట మళ్ల మొదటి నుంచే షురువైతది. అదంత మాయ అని రాసి, రెండోసారి ఇంకా కష్టంగ ఆడిపిస్తది. రెండోసారి గెలిస్తేనే రాకుమారి దక్కుతది. మావోడిప్పుడు రెండోసారి రెండో దశల ఉన్నడు, సంక్రాంతికి మళ్ల వస్తనన్నడు.