క్యాలరీల లెక్క తప్పకుండా సిఫార్సుకు మించి ప్రోటీన్ తినడం ఎలా?

బరువు తగ్గడానికి క్యాలరీలు లెక్కపెట్టుకునేవారు ప్రోటీన్ పెంచాలనుకోవడానికి సరైన కారణమే ఉంది. తిండి తగ్గించినప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కొంత కోల్పోతుంది. ప్రోటీన్ తగినంత అందుతూ, దానికి తోడు బరువులెత్తే వ్యాయామం కూడా చేస్తుంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. ప్రోటీన్ బాగా తిన్న పూట ఆకలి త్వరగా వేయదు. పైగా ప్రోటీన్‌లోని శక్తిలో 20 నుంచి 30 శాతం దానిని అరిగించుకోవడానికే ఖర్చవుతుంది, పిండిపదార్థాల విషయంలో ఈ ఖర్చు 5 నుంచి 10 శాతమే. ఇంతవరకు బాగానే ఉంది. కానీ రోజూ తినే అన్నం, కూర, వేపుడు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వాటి మీద నాలుగు గుడ్లో గుప్పెడు పల్లీలో చేర్చుకుంటే బరువు తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే ప్రోటీన్‌కూ గ్రాముకు 4 క్యాలరీలు ఉంటాయి. అదనపు ప్రోటీన్ కంచంలోకి వచ్చినప్పుడు మరొకటి కంచంలోంచి పోవాలి. ఆ మార్పిడి ఎలా చేసుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

1. ముందు మూత్రపిండాల పరీక్ష చేయించుకోండి

ఆరోగ్యవంతుల మూత్రపిండాలకు ఒక మోస్తరుగా పెంచిన ప్రోటీన్ వల్ల హాని జరుగుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. మూత్రపిండాల పనితీరు అప్పటికే తగ్గినవారి సంగతి పూర్తిగా వేరు. వారికి వైద్యులు ప్రోటీన్‌ను తగ్గించమనే చెబుతారు. చిక్కేమిటంటే, ఈ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ముదురుతుంది. కాబట్టి మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కుటుంబంలో ఎవరికైనా డయాలసిస్ జరిగినవారు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి కిడ్నీ వ్యాధి పీడిత ప్రాంతాలవారు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని, వైద్యుడు సరేనన్న తరువాతే మొదలుపెట్టాలి. ఈ పరీక్షలు ఖరీదైనవి కావు, ఒక్క పూటలో అయిపోతాయి. దయచేసి దీనిని దాటవేయకండి.

2. మీ లక్ష్యాన్ని గ్రాముల్లో రాసుకోండి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 65 కిలోల మనిషికి అది 54 గ్రాములు. తిండిలో ఎక్కువ భాగం అన్నం, రొట్టెలే అయితే, ఆ ప్రోటీన్ నాణ్యత తక్కువ కనుక, కిలోకు 1 గ్రాము దాకా అవసరమవుతుంది.

సిఫార్సుకు మించి తినదలచినవారు కిలోకు 1.2 గ్రాములతో మొదలుపెట్టి, క్రమం తప్పకుండా బరువులెత్తేవారైతే 1.6 గ్రాముల వరకు వెళ్లవచ్చు. ఆ పైన తిన్నా కండ పెరుగుదలలో చెప్పుకోదగిన లాభం కనిపించదు కాబట్టి, మామూలు మనిషి 2 గ్రాములు, 2.5 గ్రాములు అంటూ పరుగులు తీయవలసిన అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. బరువు బాగా ఎక్కువగా ఉన్నవారు ఇప్పటి బరువుతో కాక, ఎత్తుకు తగిన బరువుతో లెక్క కట్టుకోవాలి. ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్నవారు 62 కిలోలను ఆధారంగా తీసుకుంటే సరిపోతుంది.

3. ఒక్కో పదార్థం ఎన్ని క్యాలరీలకు ఎంత ప్రోటీన్ ఇస్తుందో చూడండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మన 65 కిలోల మనిషి 54 గ్రాముల నుంచి 78 గ్రాములకు, అంటే కిలోకు 1.2 గ్రాములకు, పెంచుకోవాలనుకున్నారనుకుందాం. కావలసిన అదనపు ప్రోటీన్ 24 గ్రాములు. విడిగా చూస్తే అది 96 క్యాలరీలే. అయితే మనం ప్రోటీన్‌ను విడిగా తినము. దానితో పాటు వచ్చే కొవ్వునూ పిండినీ కూడా తింటాము.

ఆ 24 గ్రాములూ పల్లీల నుంచి రావాలంటే దాదాపు 100 గ్రాములు తినాలి, 530 క్యాలరీల దాకా చేరతాయి. పనీర్ అయితే సుమారు 130 గ్రాములు, 350 క్యాలరీల పైమాటే. కందిపప్పు 110 గ్రాములు, దాదాపు 370 క్యాలరీలు. గుడ్లు నాలుగు, 290 క్యాలరీలకు కాస్త అటూ ఇటూ; పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే తింటే ఏడు గుడ్లు కావాలి, క్యాలరీలు 120 మాత్రమే. ఎండు మీల్‌మేకర్ 46 గ్రాములతో 160 క్యాలరీలకే పని జరుగుతుంది. తోలు తీసిన కోడి రొమ్ముభాగం 105 గ్రాములకు దాదాపు 120 క్యాలరీలు. బొచ్చె చేప వంటి కొవ్వు తక్కువ చేపలూ దీనికి దగ్గరలోనే ఉంటాయి.

దీన్నిబట్టి పల్లీలు చెడ్డవనీ కందిపప్పు పనికిరాదనీ కాదు. పల్లీల్లో మంచి కొవ్వు ఉంది, పప్పులో పీచు ఉంది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతుంది; వాటిలో అన్నంలోని ప్రోటీన్‌లో తక్కువపడే లైసిన్‌ను పప్పు అందిస్తుంది, పప్పులో తక్కువపడే మెథియొనిన్‌ను అన్నం అందిస్తుంది. కాబట్టి పప్పన్నం చక్కని జోడీ. క్యాలరీలకు హద్దు పెట్టుకున్నప్పుడు మాత్రం పల్లీలను కొవ్వు పద్దులోనూ, పప్పును సగం పిండి పద్దులోనూ వేసుకోవాలి.

4. దేనిని తగ్గించాలో నిర్ణయించుకోండి

వండిన అన్నం 100 గ్రాములకు 130 క్యాలరీలు ఉంటాయి, ప్రోటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. మీల్‌మేకర్‌తో వచ్చిన 160 క్యాలరీలకు బదులు సుమారు 120 గ్రాముల అన్నం తగ్గించుకుంటే లెక్క సరిపోతుంది.

అయితే అన్నం కంటే ముందు నూనె వైపు చూడమని నా సలహా. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్ల నూనె అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే సుమారు 270 క్యాలరీలు పడుతున్నట్టు. దొండకాయ వేపుడు చేసేటప్పుడు ప్యాకెట్‌తో నేరుగా మూకుడులోకి వంచకుండా చెంచాతో కొలిచి పోసి, మూత పెట్టి మగ్గనిస్తే రుచి పెద్దగా తగ్గకుండానే సగం నూనె మిగులుతుంది. టీ, కాఫీలలో చక్కెర, సాయంత్రం మిక్చర్ కూడా ఈ వరుసలోనే తగ్గించదగినవి.

5. పచ్చిగా ఉన్నప్పుడే తూచండి

చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. "ఒక కప్పు పప్పు" అని యాప్‌లో నమోదు చేస్తే ఆ సంఖ్యకు అర్థం ఉండదు, ఎందుకంటే చిక్కటి ముద్దపప్పుకూ నీళ్లలా జారే పప్పుచారుకూ మధ్య కప్పుకు రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ వేసిన కందిపప్పును ఉడకబెట్టక ముందే తూచి, వండిన తరువాత గిన్నెలోని పప్పు మొత్తం బరువు చూసి, మీ గిన్నెలోకి ఎంత వచ్చిందో భాగించుకోవడమే నమ్మదగిన పద్ధతి. మాంసమూ అంతే, ఉడికితే నీరు పోయి బరువు తగ్గుతుంది కనుక పచ్చి మాంసం విలువను వండిన మాంసానికి వేస్తే ప్రోటీన్ లెక్క తప్పుతుంది. రెండు వారాలు ఇలా తూస్తే కంటికే అంచనా అలవాటవుతుంది.

6. ఒక రోజు భోజనాన్ని ముందుగా కూర్చుకోండి

1,800 క్యాలరీల హద్దు పెట్టుకున్న, మాంసం తినని, గుడ్డు తినే వ్యక్తి రోజు ఇలా ఉండవచ్చు. ఉదయం 60 గ్రాముల పెసలతో, బియ్యం కలపకుండా, రెండు చిన్న చెంచాల నూనెతో పెసరట్లు, కాస్త అల్లం పచ్చడి: 300 క్యాలరీలు, 14 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పు, 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌ను కూరగాయలతో కలిపి రెండు చిన్న చెంచాల నూనెలో చేసిన కూర, 150 గ్రాముల పెరుగు: 720 క్యాలరీలు, 37 గ్రాములు. సాయంత్రం 25 గ్రాముల పుట్నాలు, చక్కెర లేని చిన్న గ్లాసు టోన్డ్ పాలు: 180 క్యాలరీలు, 9 గ్రాములు. రాత్రి 70 గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు, రెండు గుడ్ల కూర: 490 క్యాలరీలు, 20 గ్రాములు. మొత్తం 1,690 క్యాలరీలకు 80 గ్రాముల ప్రోటీన్ అందింది. ఒక అరటిపండుకు ఇంకా చోటుంది.

ప్రోటీన్ రాత్రి ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పంచి ఉండడం గమనించండి. సాధారణంగా మన ఇడ్లీ, ఉప్మాల ఉదయాలే వెనుకబడి ఉంటాయి కాబట్టి, మార్పు అక్కడినుంచి మొదలుపెట్టడం తేలిక.

7. పౌడర్‌ను చివరికి ఉంచుకోండి

30 గ్రాముల వే ప్రోటీన్‌లో (పాలు విరిగినప్పుడు మిగిలే నీటి నుంచి తీసిన పొడిలో) సాధారణంగా 24 గ్రాముల దాకా ప్రోటీన్, 120 క్యాలరీలు ఉంటాయి; క్యాలరీల పరంగా అది చవకే. కానీ దానిలో పీచు ఉండదు, ధర ఎక్కువ, కొన్నింటిలో చక్కెర కలుపుతారు. పైన చెప్పిన భోజనం కుదరని రోజుల్లో వాడదలచుకుంటే డబ్బా వెనుక ప్రోటీన్, చక్కెర అంకెలను, ఆహార భద్రతా లైసెన్స్ సంఖ్యను చూసి కొనండి.

8. మూడు వారాల తరువాత సరిచేసుకోండి

ఉదయాన్నే ఒకే వేళకు బరువు చూసుకుని వారం సగటును రాసుకోండి. ఒక్క రోజు అంకెలో ఉప్పు, నీరు తెచ్చే తేడాలే ఎక్కువ. మలబద్ధకం మొదలైతే అన్నం తగ్గించినందుకు బదులు ఆకుకూరలు, కూరగాయలు పెంచలేదని అర్థం. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందేలా చూసుకుని, నీళ్లు తగినన్ని తాగాలి. కాలి బొటనవేలి దగ్గర వాపు, నొప్పి వస్తే అది రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరిగి వచ్చే గౌట్ అనే కీళ్ల జబ్బు కావచ్చు కనుక, ఆ పరీక్ష చేయించుకుని, కాలేయం వంటి అవయవ మాంసాలను ఆపాలి. మూడు వారాల సగటు కదలకపోతే ప్రోటీన్‌ను ముట్టుకోకుండా నూనెను, అన్నాన్ని మళ్లీ తూచి చూడండి. లెక్కకు అందని క్యాలరీలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.